విమానంలో నేను, రైల్లో మా అత్త

కర్నూలు నుంచి ఢిల్లీకి రైల్లో రెండున్నర రోజులు. హైదరాబాదు దాకా రైల్లో పోయి అక్కడ విమానం ఎక్కితే ఒక్క రోజు. ఆ రోజులో విమానం గాల్లో ఉండేది ఒక పూటే. ఈ లెక్క నాకు ఇరవై రెండేళ్ళ వయసులో కంఠతా వచ్చింది. నేర్పింది మా అత్త తమ్ముడు. ఆయనది కడప. కర్నూలు రాజధాని అయ్యాక గుడారాల్లో పెట్టిన ఆఫీసుల్లో ఒకదాంట్లో గుమాస్తాగా చేరి మా ఇంట్లోనే ఉండేవాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని.

మా ఆయనకు ఢిల్లీలో గవర్నమెంటు ఉద్యోగం. క్వార్టర్సు రాగానే తీసుకుపోతానని నన్ను వాళ్ళమ్మ దగ్గర వదిలి, తాను ఇంకో తెలుగాయనతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. క్వార్టర్సు రానేలేదు. పెళ్ళయి రెండో ఏడు నడుస్తుండగా, మే నెలలో ఒక సోమవారం సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. అపెండిక్సు పగిలింది, ఆపరేషన్ చేశారు, పరిస్థితి బాగాలేదు, వెంటనే బయలుదేరండి అని గదిలో ఉండే ఆయన కొట్టించాడు. అప్పటికి హైదరాబాదు రైలు కూత వేసుకుంటూ పోయి గంట కూడా కాలేదు. మళ్ళీ మరుసటి రోజు సాయంత్రం దాకా రైలు లేదు.

మా అత్త ఏడవలేదు. నాకు అదే కోపం తెప్పించింది. మొగుడు పోయాక ఒక్క కొడుకును పెట్టుకుని, మిరపచేను కౌలుకిచ్చి, వాణ్ణి బి.ఏ. దాకా చదివించిన మనిషి ఆమె. టెలిగ్రాం చదివి వినిపిస్తే తలుపు మూల చూస్తూ నిలబడింది. తర్వాత "నువ్వు పోయి ఇమానం సంగతి కనుక్కోని రాపో" అని తమ్ముణ్ణి తరిమింది.

మంత్రులూ ఆఫీసర్లూ తిరిగే ఊరు కాబట్టి విమానం టికెట్లు అమ్మే ఏజెంటు ఒకడు అప్పట్లో ఊళ్ళో కొట్టు పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు మామ టికెట్టు తెచ్చి మంచం మీద పెట్టాడు.

"ఒగటే సీటు ఉన్నింది అక్కా. బుధవారం పొద్దున హైదరాబాదులో ఎగిరితే సాయంత్రానికి ఢిల్లీ. ఎవురు పోతారో మీరే తేల్చుకోండి."

నేను నోరు తెరవకముందే మా అత్త అంది. "అదే పోతాది. దానికి ఇంగ్లీషు వస్తాది, డాక్టర్లతో మాట్లాడతాది. నేను పోయి ఏం జేస్తా, ఆడ కూచోని ఏడుస్తా. మనిద్దరం రైల్లో పోదాం. హైదరాబాదు దాకా ముగ్గురం ఒగటే బండి."

నా ఇంగ్లీషు స్కూల్ ఫైనల్ ఇంగ్లీషు. అది డాక్టర్లకు ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. అయినా ఆమె అంత తేలిగ్గా సీటు నాకు వదిలేసినందుకు కాళ్ళకు దండం పెడదామనుకున్నాను. ఆ భక్తి గంటసేపు కూడా నిలవలేదు.

మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల. ఆ దిక్కున ఆ రోజుల్లో పయనం పెట్టుకోకూడదు. మేము ఎక్కబోయే రైలు మంగళవారం, విమానం బుధవారం, రెండూ పోయేది ఉత్తరానికే. దీనికి మావాళ్ళు కనిపెట్టిన ఉపాయం ప్రస్థానం పెట్టడం. శూల లేని రోజున మంచి గడియ చూసి, పయనం వస్తువు ఒకటి ఇల్లు దాటించి, పోయే దిక్కున ఉన్న వేరొకరి ఇంట్లో పెడితే పయనం అప్పుడే మొదలైనట్టు. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా దోషం అంటదు. చాలామంది తువ్వాలలో నాలుగు గింజలు మూటకట్టి పంపి చేతులు దులుపుకుంటారు. మా అత్త ఏ పనీ చేతులు దులుపుకునేట్టు చేసే రకం కాదు.

"గ్రహాలకు కండ్లు లేవనుకుంటివా? ఏది లేకుంటే పయనం సాగదో దాన్నే పెట్టల్ల" అని, నా చేతిలోని టికెట్టు లాక్కుని నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది.

"టికెట్టు మాత్రం నా దగ్గర ఉండనీ అత్తా" అన్నాను.

"నోరు మూసుకో. వాడు నా కొడుకు" అంది.

మా ఇంటికి ఉత్తరం పక్క ఇల్లు మిషన్ బడిలో చదువు చెప్పే టీచరమ్మది. తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం, ఆమె ఒక్కతే ఉండేది. ఆమె ఎప్పుడైనా మా వాకిట్లో నిలబడి మాట్లాడి పోతే, ఆ చోట మా అత్త నీళ్ళు చల్లేది. ఆ రాత్రి ఏడు గంటల గడియకు అదే అత్త నా పెట్టె మోసుకుని పోయి ఆమె గడప బయట నిలబడింది. టీచరమ్మ పెట్టె అందుకుని, "దాందేముండాది, పెట్టండమ్మా. మీ బిడ్డ కోసరం నేను ప్రార్థన చేస్తా" అంది. మా అత్త తల ఊపి, గడప తాకకుండా వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి అహోబిలం నరసింహస్వామికి ముడుపు కట్టింది. ఏ దేవుణ్ణీ వదిలిపెట్టే స్థితిలో మేము లేము.

మంగళవారం పగలు ఎంతకీ గడవలేదు. ఎండ మండిపోతోంది, గుడారాల పక్క నుంచి దుమ్ము లేచి ఇంట్లోకి కొడుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పెట్టె తెచ్చుకుందామని మధ్యాహ్నం రెండుసార్లు లేచాను. రెండుసార్లూ మా అత్త ఆపింది. ప్రస్థానం పెట్టిన వస్తువు మళ్ళీ మన గడప తొక్కకూడదట. పోయేటప్పుడు తీసుకుని అట్నుంచి అటే పోవాలట. అది కాక మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. "రైలు అయిదున్నరకు గదా. అంతలోకే ఏం కొంప మునగదులే" అంది.

రాహుకాలం పోయాక మామ సెలవు మంజూరు చేయించుకుని జట్కా తీసుకొచ్చాడు. నేను పరుగున పక్కింటికి పోయాను. తలుపుకు తాళం.

ఎదురింటావిడ అరుగు మీద నుంచి కేకేసి చెప్పింది. "టీచరమ్మ పొద్దున్నే నంద్యాల పక్క పల్లెకు పోయిండాది మ్మే. వాళ్ళ చిన్నాయన పోయినాడంట. మూడు గంటల బస్సుకు వస్తానన్యాది. మీ పెట్టె సంగతి గూడా చెప్పింది, మూడుకంతా వచ్చేస్తా అని."

మూడు గంటల బస్సు రాలేదు. మామ జట్కాలో బస్టాండుకు పోయి వచ్చాడు. బస్సు దారిలో ఎక్కడో ఆగిపోయిందని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారట. ఆ పోయి రావడంలో ఇంకొంత పొద్దు కరిగిపోయింది. జట్కా గుర్రం కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. నా టికెట్టు రెండు అంగల దూరంలో, ఒక తలుపు వెనక ఉంది.

అప్పుడు నేను మా అత్తను అనరాని మాటలు అన్నాను. వీధి వీధంతా వింటుండగా, "నీ శూల నా మొగుణ్ణి మింగుతాంది, నువ్వు తల్లివేనా" అన్నాను. ఆమె ముఖం మీద చెయ్యి విసిరాను కూడా, తగల్లేదంతే. ఆమె మా ఇంట్లోకి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. రోట్లో గుండురాయి రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చింది.

మామ ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "వద్దక్కా. పరాయి ఇల్లు. ఒంటి ఆడమనిషి ఇల్లు. తాళం పగలగొడితే ఏమంటారు? నా ఉద్యోగం పోతాది."

"పోనీరా, ఉద్యోగం ఇంగోటి వస్తాది" అని, ఆమె మూడో దెబ్బకు గొళ్ళెం ఊడగొట్టింది.

లోపలికి నేను పోబోతే నన్ను పక్కకు తోసి తానే పోయింది. ఎన్నేళ్ళు పక్కపక్కన ఉన్నా దాటని గడప అది. కాళ్ళకు చెప్పులు లేకుండా, వంగి, చీర కొంగు బిగించుకుని ఆ చీకటి గదిలోకి పోయి నా పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. పెట్టె జట్కాలో వేసి, మా తలుపుకు ఉన్న ఇత్తడి తాళం ఊడదీసి, ఊడిన గొళ్ళేన్ని ఎట్లాగో సర్ది టీచరమ్మ తలుపుకు వేసింది. చెవి ఎదురింటావిడ చేతిలో పెట్టింది. మా ఇంటికి రెండో తాళం లేదు. తలుపు దగ్గరికి లాగి, గొళ్ళేనికి ఒక పాత చీరపేలిక కట్టింది.

"మన ఇంట్లో దొంగలు పడితే?" అన్నాడు మామ.

"పడనీ. ఆ ఇల్లు తెరిచింది నేను. ఆయమ్మ సొమ్ముకు నేను జవాబు చెప్పల్ల గదా."

స్టేషన్లో రైలు కదులుతుండగా ఎక్కాం. నా ఒళ్ళంతా చెమట. మా అత్త కూచోగానే కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తినందుకు క్షమించమని అడగాలనిపించింది, అడగలేదు. ఆ రాత్రంతా ఆమె ఒకటే ప్రశ్న మూడు నాలుగు సార్లు తమ్ముణ్ణి అడిగింది. ఇది ఇమానం దిగేపొద్దుకి మనం యాడుంటాం? ఆయన ప్రతిసారీ ఓపిగ్గా చెప్పాడు. ఇది ఢిల్లీలో దిగేపొద్దుకి మనం కాజీపేటలో గ్రాండ్ ట్రంకు ఎక్కి, ఇంకా మన దేశమే దాటిండం అక్కా. మనం శుక్రవారం పొద్దునకు చేరతాం.

బేగంపేటలో నన్ను కూడా నా పెట్టెతో పాటు తూకం వేశారు. కటకటాల బయట నుంచి చూస్తున్న మా అత్త, "మనిషిని వడ్లమూట మాదిరి తూకమేస్తారేమిరా" అని గట్టిగా అంది. ఆఫీసర్ల భార్యలు నవ్వారు. నేను పోతూ ఆమె దగ్గరికి వచ్చాను. ఆమె కటకటాల సందులోంచి చెయ్యి పెట్టి నా మోచేయి పట్టుకుంది. "వాడు నన్ను అడిగితే రైల్లో వస్తాండాదని చెప్పు. వస్తాండాది, దగ్గరికొచ్చింది అని చెప్పు" అంది.

విమానం గురించి ఎవరైనా ఎంతో గొప్పగా రాస్తారు. నాకు గుర్తున్నది ఇంజిను మోత, పెట్రోలు వాసన, చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన దూది, నోట్లో వేసుకోమని ఇచ్చిన పిప్పరమెంటు. కింద భూమి ఎర్రగా, ఎండి, మా సీమలాగే ఉంది. ఎనిమిది వందల మైళ్ళ దాకా ఉంటుందట ఢిల్లీకి దూరం. ఎంతసేపు చూసినా రెక్క కింద ఉన్న గుట్ట అక్కడే ఉన్నట్టనిపించేది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇది కదలడం లేదేమో, నేను ఇక్కడే ఆగిపోయానేమో, అక్కడ ఆయన గడియలు మాత్రం పోతున్నాయేమో అని. నాగపూరులో దించారు, నూనె పోసుకుని మళ్ళీ ఎగిరారు. భోపాలులో దించి, ముందు దుమ్ముగాలి ఉందని కూచోబెట్టారు. నాగరికులంతా బల్లల దగ్గర టీ తాగుతున్నారు. నేను లేచిపోయి ఆ యూనిఫారం మనిషిని నాకొచ్చిన ఇంగ్లీషులో, రానప్పుడు తెలుగులో నిలదీశాను. ఆయన ఆకాశం చూపించాడు. ఆకాశం మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాను? పోయి కూచున్నాను.

ఢిల్లీలో దిగేసరికి పొద్దు గూకుతోంది. గదిలో ఉండే ఆయన వచ్చి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాడు. మా ఆయన బతికే ఉన్నాడు. పొట్ట ఉబ్బిపోయి ఉంది, పెదవులు నల్లబడ్డాయి, కళ్ళు మాత్రం తెలివిగానే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు, చెయ్యి కదిలించాడు. ఇందుకోసమే నేను గాల్లో ఎగిరి వచ్చింది అన్నంత సంతోషం ఒక్క క్షణం కలిగింది. ఆ తర్వాత ఆయన నా వెనక తలుపు వైపు చూశాడు.

"అమ్మ రాలేదా?"

"రైల్లో వస్తాండాది. దగ్గరికొచ్చింది" అన్నాను.

"యాడుండాది ఇప్పుడు?"

నేను తడబడ్డాను. ఆ దారిలో ఎన్నోసార్లు వచ్చి పోయినవాడు కాబట్టి ఆయనే చెప్పాడు. "కాజీపేటలో ఎక్కింటాది."

గురువారం అంతా మా ఇద్దరికీ అదే పని. మాట వచ్చినప్పుడల్లా రైలు ఎక్కడుంటుందని అడిగేవాడు. గోడ గడియారం చూసి నేను చెప్పేదాన్ని. నా లెక్క తప్పితే సరిదిద్దేవాడు. బల్లార్షా, నాగపూరు. డాక్టరు వచ్చి పోయాడు, నన్ను బయటికి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. అది అర్థం కావడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. లోపలికి వచ్చాక మా ఆయన నా ముఖం వైపు చూడలేదు, గడియారం వైపు చూశాడు. ఆయన ఏం చేస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది. శుక్రవారం పొద్దున దాకా ఎలాగైనా ఉండాలని చూస్తున్నాడు. పళ్ళు బిగించి, ఒక్కో స్టేషను లెక్కపెట్టుకుంటూ. నేను రైలును తిట్టుకున్నాను, నాగపూరును తిట్టుకున్నాను, మధ్యలో ఉన్న దేశాన్నంతా తిట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక "ఇటార్సీ వచ్చిందా?" అన్నాడు. వచ్చింది అన్నాను. ఆ తర్వాత మాట్లాడలేదు. ఎండ తగ్గకముందే పోయాడు.

గదిలో ఉండే ఆయన మంచివాడు. ఏడుస్తూనే అన్ని పనులూ చూశాడు. ఈ ఎండలకు ఉంచడం కష్టమన్నాడు. ఉంచాల్సిందే, వాళ్ళమ్మ చూడాల్సిందే అన్నాను. మంచు దిమ్మెలు తెప్పించాడు. ఝాన్సీ స్టేషన్ మాస్టరుకు టెలిగ్రాం కొట్టిస్తే రైల్లో ఆమెను వెతికి కబురు చెబుతారు, మనసు సిద్ధం చేసుకుని దిగుతుంది అని కూడా అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన మళ్ళీ చెప్పబోతే గద్దించాను. విమానం ఎక్కిన నాకు అన్నీ ముందే తెలిసిపోయాయి. ఆ రైల్లో ఆమె కొడుకు ఇంకా బతికే ఉన్నాడు. రాత్రంతా ఉంటాడు. దాన్ని ఝాన్సీలో తెంపే హక్కు ఎవరికీ లేదనిపించింది. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

శుక్రవారం పొద్దున స్టేషనుకు నేనే పోయాను. రైలు ఆగకముందే మా అత్త కిటికీలోంచి నన్ను చూసింది. ఆ ముఖం అట్లా విచ్చుకోవడం నేను ఆమె దగ్గర ఉన్న రెండేళ్ళలో ఎన్నడూ చూడలేదు. జనాన్ని తోసుకుంటూ దిగి నా రెండు భుజాలూ పట్టుకుంది.

"వాణ్ణి ఇడిసిపెట్టి నువ్వు టేసనుకు వచ్చినావంటే వానికి నయమైనట్లే. అంతేనా? నాకు తెలుసు. కొంచిం బాగలేకున్నా నువ్వు మంచం కాడ్నించి కదుల్తావా?"

నేను నోరు తెరిచాను, మాట రాలేదు. దాన్ని కూడా ఆమె సంతోషమే అనుకుంది. ఆమె వెనక దిగిన మామ నా ముఖం చూశాడు. చూసి, తల దించుకుని, సామాను సర్దుతున్నట్టు పక్కకు పోయాడు.

"శానా ఆకలైతాందే" అంది మా అత్త, సిగ్గుపడుతున్నట్టు. "ఇల్లు ఇడిసినప్పట్నించి నోట్లో మెతుకు పెట్టుకోలే. గొంతు దిగితే గదా. ఒగ రొట్టె తిని పోదామా? వాని ముందర తినాలంటే బాగుండదు, వానికేమో పథ్యం."

ఇప్పుడు చెబితే దహనం అయ్యేదాకా ఆమె నోట్లో నీళ్ళు కూడా పొయ్యలేరు. ఆ తర్వాత ఎన్నాళ్ళకు తింటుందో తెలియదు. మూడు రోజుల పస్తు మీద ఉన్న మనిషి. నేను ఆమెను బల్ల మీద కూచోబెట్టాను. ఆమె మూట విప్పి ఎండు జొన్నరొట్టె తుంచుకుని, శెనిక్కాయల పొడి అద్దుకుని తినడం మొదలుపెట్టింది. తింటూ ఏవేవో చెప్పింది, రైల్లో ఎవరో పాపకు కడుపునొప్పి వస్తే తాను వాము ఇచ్చిందని, ఢిల్లీలో మిరపకాయలు దొరుకుతాయా అని. నాకూ ఒక ముక్క ఇవ్వబోయింది. నేను తిన్నానని చెప్పాను. రెండో రొట్టె కూడా తినమన్నాను. తినింది.

కుళాయి దగ్గరికి తీసుకుపోయి, చెంబుతో నీళ్ళు పట్టి ఆమె చేతుల మీద నేనే పోశాను. పుక్కిలించి, మూతి తుడుచుకుని, "ఇంగ పోదాం పా" అంది. అప్పుడు చెప్పాను.

ఆమె తడి చేతులు అట్లాగే పట్టుకుని, వాటి వంక చూసింది.

"తెలిసే తినిపించినావా?" అంది.

"అవునత్తా."

ఆమె ఆ తడి చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని, నా తల తన గుండెకు అదుముకుని, ఆ ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా మొట్టమొదటిసారి ఏడ్చింది.